ప్రొడ్యూసర్ చేతిలో మా బ్యాండ్ సౌండ్ మారిపోయింది: ఆయన పని ఎక్కడ ఆగాలి?

నాలుగో తీగ

మేము విశాఖపట్నంలో నలుగురం కలిసి ఒక రాక్ బ్యాండ్ నడుపుతున్నాము. నేను బేస్ గిటార్ వాయిస్తాను. మేమే రాసి, మేమే బాణీ కట్టిన తెలుగు పాటలను ఈ మధ్య ఒక స్టూడియోలో రికార్డు చేయించాము. రికార్డింగ్‌ను నడిపించి, పాట ఎలా వినిపించాలో చూసుకునే అనుభవం ఉన్న ఒక ప్రొడ్యూసర్‌కు ఆ పని అప్పగించాము. మిక్స్ (విడివిడిగా రికార్డు చేసిన వాద్యాలను, గొంతును కలిపిన రూపం) చేతికి వచ్చినప్పటి నుంచి బ్యాండులో పెద్ద వాదన నడుస్తోంది. వేదిక మీద మా పాటల్లో గిటారే ముందుంటుంది, జనం ఎగిరేది ఆ మోతకే. మిక్స్‌లో ఆ గిటార్ ఎక్కడో దూరంగా, పలచగా వినిపిస్తోంది. నా బేస్ ముందుకు వచ్చింది. డ్రమ్స్ ఒక్కొక్క దెబ్బా ఖాళీ గదిలో పడినట్లు విడివిడిగా ఉంది. రెండు పాటల్లో వేగం కూడా తగ్గించారు. ఇంత మంచి రికార్డు మనం చేయగలమని అనుకోలేదని మా గాయని అంటోంది, ఇది మన బ్యాండే కాదని మా గిటారిస్టు అంటున్నాడు. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోస్తోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఒక బ్యాండ్ ఎలా వినిపించాలో నిర్ణయించే అధికారం ప్రొడ్యూసర్‌కు ఎంతవరకు ఉంటుంది? ఆయన పని ఎక్కడ ఆగాలి?

గోదావరి గిటార్

డబ్బు ఇచ్చింది మీరు, పాట మీది, రేపు జనం ముందు నిలబడి వాయించవలసింది కూడా మీరే. కాబట్టి చివరి మాట మీదే కావాలి. ఇందులో ఇంతగా ఆలోచించవలసినది నాకేమీ కనిపించడం లేదు.

రీలుటేపు

గోదావరి గిటార్ గారు చెప్పినంత తేలికగా ఇది తేలదు. నాలుగో తీగ గారు రాసినది చదువుతుంటే నాకు మాంచెస్టర్ బ్యాండ్ జాయ్ డివిజన్ గుర్తుకు వచ్చింది. గిటార్ వెనక్కి పోవడం, డ్రమ్స్ విడివడడం, బ్యాండు సభ్యులకు కోపం రావడం అక్కడా ఇలాగే జరిగాయి. 1979 ఏప్రిల్‌లో వారు స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెరీ స్టూడియోస్‌లో తమ మొదటి ఆల్బమ్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’ రికార్డు చేశారు. ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్. వేదిక మీద ఆ బ్యాండు చాలా బిగ్గరగా, పంక్ ధోరణిలో వాయించేది. హానెట్‌కు ఆ మోత మీద ఆసక్తి లేదు. ఒక్కొక్క వాద్యం చుట్టూ ఎంత ఖాళీ ఉండాలి, ఆ ఖాళీ ఎలా వినిపించాలి అన్నదే ఆయన పట్టింపు. ఒక డ్రమ్ శబ్దం మరొక డ్రమ్ మైకులోకి చొరబడకూడదని పట్టుబట్టి, డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ చేత కొన్నిచోట్ల ఒక్కొక్కదాన్నీ విడిగా వాయింపించి రికార్డు చేశారు. అప్పట్లో కొత్తగా వచ్చిన ఏఎంఎస్ డిజిటల్ డిలే యంత్రంతో ఆ దెబ్బలకు ఒక చల్లని ప్రతిధ్వనిని చేర్చారు. ‘ఇన్‌సైట్’ అనే పాటకు గాయకుడు ఇయాన్ కర్టిస్ గొంతును టెలిఫోన్ లైను గుండా పంపి పట్టుకున్నారు. స్టూడియో లిఫ్టు చప్పుడు, గాజు పగిలే చప్పుడు కూడా ఆ ఆల్బమ్‌లో చోటు సంపాదించుకున్నాయి.

బేస్ వాయించిన పీటర్ హుక్‌కు గానీ, గిటార్ వాయించిన బెర్నార్డ్ సమ్నర్‌కు గానీ అది నచ్చలేదు. తమ పాటల్లోని ఉద్ధృతిని హానెట్ తగ్గించేశారని, ముఖ్యంగా గిటార్లను అణిచేశారని వారు చెప్పారు. చాలా ఏళ్ల తర్వాత హుక్, తాను కోరుకున్నది అది కాకపోయినా హానెట్ మంచి పనే చేశారని అంగీకరించారు. నేడు జాయ్ డివిజన్ అనగానే శ్రోతల మనసులో మెదిలేది హానెట్ కట్టిన ఆ ధ్వనే. మీ గిటారిస్టు బాధ నిజమైనదే. ఆ బాధ ఒక్కటే తీర్పు కాకూడదన్నది నా మనవి.

గోదావరి గిటార్

రీలుటేపు గారూ, హానెట్ నెగ్గారు కాబట్టి ఆయన పేరు మనకు తెలుసు. బ్యాండును పాడు చేసిన ప్రొడ్యూసర్ల రికార్డులు ఎవరూ వినలేదు, అందుకే వారి పేర్లు మన చర్చల్లోకి రావు. రాజమండ్రిలో మా పాత బ్యాండుకు ఆ అనుభవం ఉంది. మేము వాయించిన డ్రమ్స్ స్థానంలో ముందే రికార్డు చేసి ఉంచిన డ్రమ్ శబ్దాలు (శాంపిళ్లు) పెట్టారు, గొంతును శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్‌తో నున్నగా గీకేశారు, పల్లవికి ముందు కాస్త నెమ్మదించే మా అలవాటును ఒకే వేగంతో కొట్టే క్లిక్ ట్రాక్‌కు బిగించి తీసేశారు. పాట ఏ తప్పూ లేకుండా తయారైంది, మేము మాత్రం అందులో లేము. అలాంటి ప్రొడ్యూసర్లకు ధైర్యం ఇవ్వడానికి హానెట్ కథ పనికి రాకూడదు.

న్యూజెర్సీ నాదం

గోదావరి గిటార్ గారి పక్షాన నిలబడిన గొప్ప వ్యక్తి ఒకరున్నారు. అమెరికన్ రికార్డింగ్ ఇంజనీరు స్టీవ్ అల్బీనీ తనను ప్రొడ్యూసర్ అని పిలవనిచ్చేవారు కాదు. రికార్డు మీద పేరు వేయాలంటే ‘రికార్డు చేసినది’ అని వేస్తే చాలనేవారు. 1993లో వచ్చిన ‘ఇన్ యూటెరో’ ఆల్బమ్ కోసం నిర్వాణా బ్యాండ్ ఆయనను సంప్రదించినప్పుడు వారికి రాసిన ఉత్తరంలో, తనకు అమ్మకాల మీద రాయల్టీ అక్కర్లేదని, ప్లంబర్‌కు ఇచ్చినట్లు చేసిన పనికి కూలి ఇస్తే చాలని స్పష్టంగా చెప్పారు. బ్యాండు చెమటోడ్చి చేసిన పాట మీద రికార్డు చేసినవాడు జీవితాంతం వాటా తీసుకోవడం నీతి కాదన్నది ఆయన నమ్మకం. 2024లో కన్నుమూసేదాకా ఆయన ఆ నియమం తప్పలేదు.

దానికి ముందు 1991లో బుచ్ విగ్ ప్రొడ్యూస్ చేసిన ‘నెవర్‌మైండ్’తో నిర్వాణాకు ప్రపంచమంతా పేరు వచ్చింది. అయినా ఆండీ వాలెస్ చేసిన ఆ మిక్స్ మరీ మెరుగు పెట్టినట్లుందని ఆ బ్యాండు గాయకుడు కర్ట్ కోబేన్ తర్వాత బాధపడ్డారు. అల్బీనీ దగ్గరకు వెళ్లడానికి ఆ అసంతృప్తి ఒక ముఖ్య కారణం. కోట్లమంది మెచ్చిన రికార్డు చేసిన బ్యాండుకే ఆ బాధ కలిగితే, నాలుగో తీగ గారి మిత్రుడి బాధను ఎవరైనా ఎలా తోసిపుచ్చగలరు?

మిక్సింగ్ బల్ల

నేను హైదరాబాద్‌లో రికార్డింగ్ ఇంజనీరుగా పని చేస్తున్నాను. అల్బీనీ అంటే నాకు ఎంతో గౌరవం, కానీ ఆయన ఏమీ చేయకుండా బ్యాండును ఉన్నదున్నట్లు పట్టుకున్నారన్న మాటను నేను అంగీకరించలేను. ‘ఇన్ యూటెరో’ డ్రమ్స్ వినండి. మిన్నెసోటాలోని పాకిడెర్మ్ స్టూడియోలో ఆ గది ఎలా మోగుతుందో తెలిసి, డేవ్ గ్రోల్ డ్రమ్స్ చుట్టూ, గది నలుమూలలా మైకులు పెట్టి, ఆ గది గాలిని కూడా రికార్డులోకి తెచ్చారు. అది ఒక నిర్ణయం. మైకును స్నేర్ డ్రమ్‌కు దగ్గరగా పెడితే ఒక బ్యాండు, గది చివర పెడితే మరొక బ్యాండు వినిపిస్తుంది. గాయని పాడే మైకు ఏదో ఎంచుకోవడం, ఐదు టేకుల్లో ఏది ఉంచాలో చెప్పడం కూడా అలాంటివే. ‘ఉన్నదున్నట్లు’ అనే ధ్వని ఎక్కడా లేదు. ఎవరో ఒకరు ఎంచుకున్న ధ్వని మాత్రమే ఉంటుంది.

పైగా ఆ ఆల్బమ్ పూర్తయ్యాక గొంతు, బేస్ సరిగా వినబడడం లేదన్న అనుమానం బ్యాండుకే వచ్చింది. రెండు పాటలను స్కాట్ లిట్ చేత మళ్లీ మిక్స్ చేయించి విడుదల చేశారు. అల్బీనీ విధానంలోనూ రెండో చేయి అవసరమైంది.

హన్మకొండ డ్రమ్స్

బుచ్ విగ్ గురించి ఒక మాట చేర్చాలి. ఒకే వరుసను రెండుసార్లు పాడి, ఆ రెండు గొంతులనూ ఒకదాని మీద ఒకటి పేర్చడం కోబేన్‌కు ఇష్టం ఉండేది కాదు, అది మోసమని ఆయన భావించేవారు. బీటిల్స్ బ్యాండు జాన్ లెనన్ కూడా అలాగే చేశారని విగ్ చెప్పి ఒప్పించారు. ఆ ‘నెవర్‌మైండ్’ ఆల్బమ్‌లోనే చివరి పాటను కోబేన్ కంట్రోల్ రూములో సోఫా మీద పడుకుని, గుసగుసలాడినట్లు పాడి వినిపిస్తే, విగ్ దాన్ని అక్కడికక్కడే, అలాగే రికార్డు చేసి, మిగతా వాద్యాలను తర్వాత దాని మీద చేర్పించారు. ఒకచోట నచ్చజెప్పారు, మరొకచోట అడ్డు రాకుండా మైకు పెట్టారు. ఎప్పుడు ఏది చేయాలో తెలియడమే ఆ పనిలోని కష్టం.

మద్రాసు వయొలిన్

నేను చాలా ఏళ్లు మద్రాసులో సినిమా పాటలకు వయొలిన్ వాయించాను. మన సినిమా పాటలో ఈ తగవు సాధారణంగా పుట్టదు, ఎందుకంటే బాణీ కట్టేదీ, ఏ వాద్యం ఎక్కడ రావాలో నిర్ణయించేదీ, టేకు ఓకే చేసేదీ సంగీత దర్శకుడే. ఇళయరాజా గారైతే వాద్యబృందంలో ప్రతి ఒక్కరి భాగాన్నీ తానే నొటేషన్ రాసి ఇస్తారు. వాయించేవారికి తమ సౌండ్ అనే ప్రశ్న ఉండదు. బ్యాండులో పాట ఒకరిది, ఆ పాట రికార్డు మీద వినిపించే తీరును చూసుకునేది మరొకరు. తగవు వచ్చేది ఆ ఇద్దరి మధ్య చోటులోనే.

ఆ చోటులో ఎలా మసలుకోవాలో నాకు నేర్పినది బీటిల్స్ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ పని. ఆయన లండన్ గిల్డ్‌హాల్ స్కూల్లో ఓబో నేర్చుకున్న మనిషి, పార్లఫోన్ అనే రికార్డు లేబుల్‌కు అధిపతి, బీటిల్స్‌కు ముందు పీటర్ సెల్లర్స్ వంటి హాస్యనటుల రికార్డులు ఎన్నో చేసినవారు. ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ పాటను లెనన్ మొదట చాలా నెమ్మదిగా సాగేలా రాశారు. అది నీరసంగా ఉందని, వేగం పెంచమని మార్టిన్ చెప్పారు. పెంచి 1962 నవంబరులో రికార్డు చేశాక, ఇది మీ మొదటి నంబర్ వన్ అవుతుందని వారితోనే అన్నారు. 1965లో పాల్ మెకార్ట్నీ ‘యెస్టర్‌డే’ను ఒక్క గిటార్‌తో పాడి వినిపించినప్పుడు, దీనికి స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తీగ వాద్యాల బృందం) కావాలని సూచించినది కూడా మార్టినే. పాట చక్కెర పాకంలా తయారవుతుందని మెకార్ట్నీ భయపడ్డారు. ఆ భయాన్ని మార్టిన్ కొట్టిపారేయలేదు. వయొలిన్లు కంపితం లేకుండా వాయించాలని మెకార్ట్నీ అడిగితే వాయించేవారికి ఆ మాట చేరవేశారు, ఆ వాద్యాల భాగాలను మెకార్ట్నీతో కలిసి కూర్చుని రాశారు. స్వరం మీద వేలు ఊపకుండా వయొలిన్ వాయించడం మాకు ఎంత కష్టమో చెప్పలేను, అందుకే ఆ రికార్డు విన్నప్పుడల్లా ఆ నలుగురి సంయమనాన్ని తలచుకుంటాను. ఆ పాట ఈనాటికీ తేటగా నిలిచి ఉండడానికి మార్టిన్ సూచన ఎంత కారణమో, మెకార్ట్నీ పెట్టిన షరతు కూడా అంతే కారణం.

గోదావరి గిటార్

మద్రాసు వయొలిన్ గారు చెప్పిన దాంట్లో నా వాదనే ఉంది. మార్టిన్ అడిగారు, ఆగారు, విన్నారు. నాలుగో తీగ గారి ప్రొడ్యూసర్ అడిగారా?

రీలుటేపు

అడగడంతో పాటు, బ్యాండు అడిగినదాన్ని నెరవేర్చే నేర్పు కూడా కావాలి. ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’కు లెనన్ రెండు భిన్నమైన రూపాలు ఇష్టపడ్డారు: కొద్ది వాద్యాలతో మెత్తగా ఉన్న ఏడో టేకు మొదటి భాగం, ట్రంపెట్లు, చెల్లోలతో బరువుగా ఉన్న ఇరవై ఆరో టేకు చివరి భాగం. రెండింటినీ అతికించమన్నారు. శ్రుతులు వేరు, వేగాలు వేరు అని మార్టిన్ చెబితే, మీరు చేయగలరని లెనన్ బదులిచ్చారు. మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ కలిసి ఒక టేపు వేగం పెంచి, మరొక టేపు వేగం తగ్గించి చూస్తే, అదృష్టవశాత్తు రెండు శ్రుతులూ దగ్గరకు వచ్చాయి. పాట మొదలైన సుమారు ఒక నిమిషం దగ్గర ఆ అతుకు ఉంది. లెనన్ గొంతు అక్కడి నుంచి కలలో మాట్లాడుతున్నట్లు మారడానికి టేపు నెమ్మదించడమే కారణం. సంగీతజ్ఞానం, టేపు జ్ఞానం రెండూ ఉన్న మనిషి పక్కన లేకపోతే ఆ కోరిక కోరికగానే మిగిలిపోయేది.

హన్మకొండ డ్రమ్స్

బయటి మనిషి లేకుండా బ్యాండు తనను తానే ప్రొడ్యూస్ చేసుకోగలదని కూడా మరువకూడదు. లెడ్ జెప్పెలిన్ రికార్డులకు ప్రొడ్యూసర్ ఆ బ్యాండు గిటారిస్టు జిమ్మీ పేజ్. 1971లో వచ్చిన నాలుగో ఆల్బమ్ చివరి పాటలోని డ్రమ్స్ కోసం హాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్ల కింద హాలులో జాన్ బోనమ్‌ను కూర్చోబెట్టి, మైకులను మెట్ల మీద ఎత్తున వేలాడదీశారు. మెట్లున్న ఆ హాలు మొత్తం మోగింది. డ్రమ్స్ వాయించే నాలాంటి వారికి ఆ శబ్దం ఇప్పటికీ ఒక పాఠ్యపుస్తకం. అయితే అక్కడ కూడా ఇంజనీరు ఆండీ జాన్స్ ఉన్నారు, పేజ్‌కు బ్యాండు పెట్టకముందే స్టూడియోల్లో ఇతరుల రికార్డులకు వాయించే సెషన్ గిటారిస్టుగా ఏళ్ల అనుభవం ఉంది.

మా బ్యాండు వాళ్లం సొంతంగా చేసుకున్న రికార్డులో ప్రతి ఒక్కరూ తమ వాద్యం తగ్గిందని కాస్త కాస్త పెంచుకుంటూ పోయారు, చివరికి గొంతు వినబడలేదు. ఎవరి వాద్యం మీదా మమకారం లేని ఒక చెవి గదిలో ఉండాలని నాకు అప్పుడే అనిపించింది.

నాలుగో తీగ

అందరి జవాబులూ మా వాళ్లకు చదివి వినిపించాను. గోదావరి గిటార్ గారి ప్రశ్నకు సమాధానం: ఆయన రిహార్సల్‌కు ఒకసారి వచ్చారు, పాటలు బాగున్నాయన్నారు. రికార్డు ఎలా వినిపించాలన్న మాట ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. రెండు పాటల వేగం తగ్గించమన్నది రికార్డింగ్ రోజున స్టూడియోలోనే, అప్పటికే సమయం మించిపోతోందని మేము సరేనన్నాము. గిటార్ సంగతి మిక్స్ వచ్చేదాకా మాకు తెలియదు.

న్యూజెర్సీ నాదం

అయితే మీరు ‘లెట్ ఇట్ బీ’ కథ తెలుసుకోవాలి. బీటిల్స్ 1969 జనవరిలో వాయించిన టేపులను 1970లో ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్‌కు అప్పగించారు. మెకార్ట్నీ పియానో దగ్గర కూర్చుని పాడిన ‘ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ మీద స్పెక్టర్ పెద్ద ఆర్కెస్ట్రాను, మహిళల బృందగానాన్ని, హార్ప్‌ను చేర్చారు. మెకార్ట్నీకి ఆ సంగతి ముందుగా తెలియదు. 1970 ఏప్రిల్‌లో మేనేజర్ ఆలెన్ క్లైన్‌కు ఉత్తరం రాసి, స్ట్రింగ్స్ తగ్గించమని, హార్ప్ తీసేయమని, మళ్లీ ఎప్పుడూ ఇలా చేయవద్దని కోరారు. ఆల్బమ్ అలాగే విడుదలైంది. బీటిల్స్ భాగస్వామ్యాన్ని రద్దు చేయాలని ఆయన హైకోర్టులో చూపిన కారణాల్లో ఇది కూడా ఒకటి. 2003లో ఆ అలంకారాలు లేని రూపంలో ఆల్బమ్ మళ్లీ వచ్చింది. స్పెక్టర్ ఆర్కెస్ట్రాను ఇష్టపడేవారు ఈనాటికీ ఉన్నారు. పాట రాసిన మనిషికి చెప్పకుండా చేయడాన్ని మాత్రం నేను ఏ విధంగానూ సమర్థించలేను.

రీలుటేపు

న్యాయంగా చూస్తే ఒక సంగతి చెప్పాలి. ఆ టేపులను అంతకుముందు గ్లిన్ జాన్స్ మిక్స్ చేసి ఇస్తే బీటిల్స్ విడుదలకు ఒప్పుకోలేదు. నలుగురూ కలిసి ఒక నిర్ణయం చేయలేని స్థితిలో ఉన్నప్పుడు ఆ ఖాళీలోకి స్పెక్టర్ వచ్చారు, లెనన్ ఆయన పనిని గట్టిగా సమర్థించారు కూడా. బ్యాండులోనే ఏకాభిప్రాయం లేకపోతే ప్రొడ్యూసర్ ఎవరి మాట వినాలి? నాలుగో తీగ గారి బ్యాండులో గాయని ఒక వైపు, గిటారిస్టు ఒక వైపు ఉన్నారని మరచిపోవద్దు.

మిక్సింగ్ బల్ల

రీలుటేపు గారు సరైన చోట వేలు పెట్టారు. నేను రోజూ చూసే ఇబ్బంది ఇదే: బ్యాండు నుంచి నలుగురు నాలుగు మాటలు చెబుతారు, ప్రొడ్యూసర్ తనకు తోచినది చేస్తారు. నేను పని మొదలుపెట్టే ముందు ప్రతి బ్యాండునూ తమకు నచ్చిన సౌండ్ ఉన్న పాటలు తెచ్చి వినిపించమంటాను, రిహార్సల్‌ను ఫోన్లోనైనా రికార్డు చేసి పంపమంటాను, బ్యాండు తరఫున మాట్లాడేది ఎవరో ముందే తేల్చుకోమంటాను. ఒక పాటకు రఫ్ మిక్స్ చేసి, వారు సరేనన్నాకనే మిగతావి ముట్టుకుంటాను. చివరి మిక్స్‌కు బ్యాండు ఆమోదం కావాలన్న వాక్యం ఒప్పందంలో ఉంటే ఇద్దరికీ మంచిది.

ఇప్పుడు చేయగలిగినది కూడా ఉంది. గిటార్ ట్రాకులు గట్టిగానే రికార్డయి ఉంటే, వాటిని ముందుకు తేవడం మిక్స్ పనే, మళ్లీ వాయించనక్కర్లేదు. ఏదైనా ఒక్క పాటకు గిటార్ ముందున్న రెండో మిక్స్ అడగండి. రెండింటినీ పోల్చేటప్పుడు శబ్దస్థాయి సమానంగా ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే ఏది కాస్త బిగ్గరగా ఉంటే మన చెవి దాన్నే మెరుగైనదని నమ్మేస్తుంది. ఏది ఎవరి మిక్సో చెప్పకుండా నలుగురికీ వినిపించండి. హెడ్‌ఫోన్లోనూ, కారులోనూ వినండి. వేగం తగ్గించిన రెండు పాటల సంగతి వేరు, దాన్ని మిక్స్‌లో సరిచేయలేము. సాఫ్ట్‌వేర్‌తో సాగదీసినా, కుదించినా మొదట చెడేది డ్రమ్స్. మీకు పాత వేగమే కావాలంటే మళ్లీ రికార్డు చేయాలి.

మద్రాసు వయొలిన్

వేగం విషయంలో మీ గాయని అభిప్రాయం ఏమిటో ప్రత్యేకంగా అడగండి. తెలుగులో ఒత్తులు, దీర్ఘాలు ఎక్కువ. పాట పరుగు తీస్తే అక్షరం నోటిలోనే నలిగిపోతుంది. ప్రొడ్యూసర్ వేగం తగ్గించడానికి అదే కారణమై ఉండవచ్చు.

నాలుగో తీగ

ఆమెను అడిగాను. పాత వేగంలో రెండో చరణంలోని మాటలు వేదిక మీద ఎవరికీ అర్థమయ్యేవి కావని, ఇప్పుడు మొదటిసారి తన మాట తనకే వినబడిందని చెప్పింది. గిటారిస్టు ఈ మాట ఇంతకుముందు వినలేదట, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆదివారం రిహార్సల్ గదిలో ఆ రెండు పాటలనూ రెండు వేగాల్లో వాయించి ఫోన్లో రికార్డు చేస్తాము. గిటార్ ముందున్న మిక్స్ ఒకటి కావాలని ప్రొడ్యూసర్‌కు ఈ రోజే రాశాను. మొదటి పాటకు చేసి పంపుతానన్నారు. రిహార్సల్‌కు ఆయన్ను కూడా పిలిచాము.

గోదావరి గిటార్

మంచి పని చేశారు. ఆయన వచ్చినప్పుడు మీ గిటారిస్టును వేదిక మీద ఎంత మోతతో వాయిస్తాడో అంత మోతతోనే వాయించమనండి, తగ్గించవద్దు. ఆ సౌండ్ ఆయన ఒక్కసారైనా అదే గదిలో నిలబడి వినాలి. రెండో మిక్స్ వచ్చాక ఇక్కడ తప్పకుండా చెప్పండి.